పేనుబంకయు అక్షింతలపురుగును: ఏళాయిరంపన్నై సీమ తోడుపైరులు

మదుర నాయకరాజుల కాలమున దక్షిణమునకు వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు కోవిల్‌పట్టి, సాత్తూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో స్థిరపడి సేద్యము చేసికొన్నవి. ఈ నేలలలోనిదే తిరునెల్వేలి పాళెములలో నొకటియైన ఏళాయిరంపన్నై. 1799లో ఆంగ్లకుంఫిణీవా రీ పాళెమును హరించిరి. పాళెము పోయినను సేద్యము నిలిచినది. ఆ సేద్యమునకు సంబంధించిన రెండు తెలుగు మాటలను గూర్చి విన్నవించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

బెండ, వంగ, మిరప చిగుళ్ల రసమును పీల్చు సన్నని పురుగు పేనుబంక. ఇచటి తమిళులు దీనిని అసువిణి యందురు. తెలుగు పేరున రెండు లక్షణములు కలవు. పేనువలె గుంపుగూడి పీల్చుట యొకటి. తీయని జిగటను విసర్జించుట రెండవది. ఆ జిగటకై చీమలు చేరి పేనుబంకను కాపాడును. ఆకుపై మసిబూజు పట్టును. దీనిని తినునది అక్షింతలపురుగు. ఆ గుండ్రని వీపు అక్షతలను తలపించును.

పత్తిలో పప్పుధాన్యములను కలిపి విత్తుట ఈ సీమలో పాత ఆచారము. కూరతోటకును ఆ పద్ధతియే మేలు. అలసందపై చేరు పేనుబంక జాతి వేఱు, బెండపై చేరునది వేఱు. బెండమడి గట్టున అలసందను కొంత ముందుగా విత్తినచో, దానిపై చేరిన పేనుబంకను తిని అక్షింతలపురుగులు వృద్ధిపొంది బెండమీదికిని వచ్చును. చిక్కుడు చెంత మాత్రము అలసంద కూడదు. రెండింటికిని ఒకే జాతి పట్టును. ధనియాల పూవులు తేనెనిచ్చి పేనుబంకకు శత్రువులైన ఈగలను పిలుచును. బంతివాసనకే పేనుబంక పాఱిపోవుననుట అతిశయోక్తి.

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటకనాశకశక్తిని కనుగొని 1948లో నోబెల్ బహుమానము నందెను. కాని అట్టి మందులు మిత్రకీటకములను గూడ చంపినవి. పేనుబంక వారము పదిదినములలో పెరిగి, జతగూడకయే పిల్లలను కనును. అక్షింతలపురుగు పెరుగుటకు సుమారు మూడు వారములు పట్టును. కనుక మందు చల్లిన పిమ్మట ముందుగా మరలివచ్చునది పేనుబంకయే. మన దేశమున సేద్యమునందు డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపబడినది.

కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారి యింటిభాష తెలుగు. ఆయన ఈ నల్లనేల తమిళపలుకుబడికి నిఘంటువు కూర్చిరి. మన యిండ్లలోని తెలుగు సేద్యపుమాటలకును అట్టి గ్రంథ మొకటి కావలెను. అక్షింతలపురుగు పిల్ల చిన్న మొసలివలె నుండును. మా బడిపిల్లలు దానిని చీడయని తలచి నలిపివేయుదురు. దాని పేరు చెప్పి, అది పేనుబంకను తినుటను చూపిననాడు వారే దానిని మరల ఆకుపై విడిచిరి.