ఎక్స్-రే యంత్రం ముందు ఎవరి కొలువు ఎన్నాళ్లు?

వేరుశనగ చేతికి రాని ఏడాది కదిరి యువత బెంగళూరు బస్సెక్కుతుంది. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచాక ఆ దారిలో సెక్యూరిటీ కొలువు కూడా ఒక ఆశ. అక్కడ ప్రయాణికులను తనిఖీ చేసేది సీఐఎస్ఎఫ్. అది కేంద్ర బలగం, పర్మినెంటు ఉద్యోగం, ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది.

సరుకు స్కానింగ్ సంగతి వేరు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుబంధ సంస్థ ఏఏఐక్లాస్ 2023లో దేశవ్యాప్తంగా 906 స్క్రీనర్ పోస్టులు ప్రకటించింది. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 55 చాలు. కాలపరిమితి మాత్రం అందరికీ మూడేళ్లే. ప్రైవేటు ఏజెన్సీలకైతే రిజర్వేషన్ చట్టమే వర్తించదు.

జీతం కన్నా మాకు బరువుగా తోచేది ఎంట్రీ పాస్. దానికి దరఖాస్తు చేసేది యాజమాన్యమే. కొలువు పోతే పాస్ కూడా పోతుంది, గేటు దాటలేరు. ఇక సూపర్‌వైజరుకు ఎదురు చెప్పేదెవరు?

1996లో ఎయిరిండియా కేసులో, కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసిన పనుల్లో కార్మికులను నేరుగా తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది ఊడ్చి తుడిచేవాళ్ల తరఫున. 2001లో సెయిల్ కేసులో అదే కోర్టు దాన్ని కొట్టేసింది. కాంట్రాక్టు బూటకమని ఇప్పుడు కార్మికుడే ట్రిబ్యునల్‌లో రుజువు చేసుకోవాలి.