బాయిలోంచి కబురు: సింగరేణిలో ఆపద సమాచారం, రెస్క్యూ దళాలు

గస్తీలో ఉన్న పోలీసుకు ఆపద ఎదురైతే చేతిలోని వైర్‌లెస్ సెట్టు మీద ఒక మీట నొక్కుతాడు. అది ఏ సెట్టో కంట్రోల్ రూంలో తెలిసిపోతుంది. అక్కడివాళ్లు మిగతా మాటలన్నీ ఆపించి అతనికి దారి ఇస్తారు, దగ్గర్లో ఉన్న బండిని పంపుతారు. డెట్రాయిట్ పోలీసులు 1928లో కార్లలో రేడియో పెట్టుకున్నప్పుడు అది వినడానికి మాత్రమే పనికొచ్చేది. కారులోంచి జవాబు చెప్పే వీలు 1930లలో వచ్చింది, ఆపద మీట అంతకు చాలా కాలం తర్వాతది. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలకు కలిపి 2016లో ఏర్పడిన రామగుండం పోలీస్ కమిషనరేట్‌కూ ఈ సెట్టే ఆధారం. అయితే గోదావరిఖని చౌరస్తాలో గలగలా పలికే సెట్టు, అదే ఊరి పక్కన నేల కింద మూగబోతుంది. మామూలు రేడియో తరంగాలు బండను దాటి పైకి రాలేవు.

బొగ్గుగనిని ఇక్కడి జనం బాయి అంటారు. బాయిలో ప్రమాదం జరిగితే ఆ సంగతి పైకి ఎలా చేరుతుంది, విన్నవాళ్లు ఏం చేస్తారు అన్నదానికి ఈ ప్రాంతంలో వేరే చరిత్ర ఉంది.

హైదరాబాద్ దక్కన్ కంపెనీగా 1886లో మొదలై, ఇల్లెందులో 1889 నుంచి బొగ్గు తీసి, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు పెట్టుకున్న ఈ సంస్థ గోదావరి ఒడ్డుకు వచ్చేసరికి గనుల్లో వైర్లు, గంటలు ఉన్నాయి. బొగ్గు టబ్బులు లాగే హాలేజీ దగ్గర గంటే భాష. టబ్బులు కదులుతుండగా ఒక్క గంట వినిపిస్తే ఆపేయాలి, ఎందుకని అడగకూడదు. తర్వాత టెలిఫోన్ వచ్చింది. ఫోన్ దాకా వెళ్లలేని చోట పని చూసే సర్దారో, పక్కనున్న కార్మికుడో పరుగెత్తి చెప్పాల్సిందే.

ఎవరూ మోగించని అలారం ఒకటి ల్యాంప్ రూంలో ఉంది. దిగేవాడు తన నంబరు ఉన్న దీపం తీసుకుంటాడు, ఎక్కాక తిరిగి పెడతాడు. షిఫ్టు అయిపోయి అందరి దీపాలూ చార్జింగ్‌లో వరుసగా ఉండగా ఒక్క గూడు ఖాళీగా కనిపిస్తే, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ఎంత గొప్ప యంత్రం వచ్చినా ఈ లెక్కను మించిన సాక్ష్యం లేదనే చెప్పాలి. ప్రమాదం జరిగిన గని ముందు జనం మొదట అడిగేదీ ఆ సంఖ్యే.

రక్షణ దళాలు దేశంలో ఆలస్యంగా వచ్చాయి. 1936 డిసెంబరులో బెంగాల్‌లోని పొయిదీ గనిలో పేలుడు 209 మందిని బలిగొన్నాక, 1939లో గనుల రెస్క్యూ నిబంధనలు చేశారు. ఇప్పుడున్నవి 1985 నాటివి. వాటి ప్రకారం రెస్క్యూ స్టేషన్‌లో రాత్రీపగలూ దళం సిద్ధంగా ఉండాలి. గనుల్లో పనిచేసేవారిలోనూ కొందరు ఈ శిక్షణ పొంది, పిలిస్తే వచ్చేలా ఉంటారు. రామగుండం ప్రాంతానికి ఆ స్టేషన్ యైటింక్లైన్ కాలనీలో ఉంది. ఎనిమిదో ఇంక్లైన్ దగ్గర పుట్టిన కాలనీకి జనం నోట నిలిచిన పేరది.

ఫోన్ మోగగానే అక్కడ కావాల్సిన సంగతులు కొన్నే: ఏ గని, మంటా గ్యాసా నీళ్లా బండ పడిందా, ఏ లెవెల్, లోపల ఎంతమంది. జవాబును బట్టి ఏ సామాను ఎక్కించాలో తేలుతుంది. గ్యాస్ అయితే సుమారు 4 గంటలు ఆక్సిజన్ ఇచ్చే శ్వాస పరికరం వీపున వేసుకుని ఐదారుగురు ఒక జట్టుగా దిగుతారు. స్వచ్ఛమైన గాలి ఉన్న చివరి చోటును ‘ఫ్రెష్ ఎయిర్ బేస్’ అంటారు. అసలైన కంట్రోల్ రూం అదే. అక్కడొకరు ఫోన్ దగ్గర కూర్చుంటారు, ఇంకో జట్టు తొడుగులు వేసుకుని ఎదురుచూస్తుంటుంది. లోపల కెప్టెన్ మాటిమాటికీ అందరి మీటర్లూ చూస్తాడు. ఎవరి సిలిండర్‌లో తక్కువ ఉందో వాళ్లను బట్టే జట్టు మొత్తం వెనక్కి తిరగాలి.

ముఖానికి మాస్కు ఉంటే మాట ముద్దగా వస్తుంది. ఆ ముద్ద మాట ఎంత పని చేయగలదో 2006 జనవరిలో అమెరికాలోని సేగో గని చూపించింది. లోపలి జట్టు చెప్పింది ఒకరి నుంచి ఒకరికి చేరేలోపు తారుమారై, చిక్కుకున్న 13 మందిలో 12 మంది బతికున్నారని పైన ప్రకటించారు. చర్చిలో ఎదురుచూస్తున్న కుటుంబాలు సంబరం చేసుకున్నాయి. చనిపోయినవారే 12 మంది అని దాదాపు 3 గంటల తర్వాత తెలిసింది. అదే ఏడాది ఆ దేశం గనుల్లో వైర్‌లెస్ సమాచార వ్యవస్థ ఉండాలని చట్టం చేసింది. అంతకు నాలుగేళ్ల ముందు అక్కడే క్యూక్రీక్ గనిలో నీళ్ల మధ్య చిక్కుకున్నవాళ్లు పైనుంచి దిగిన డ్రిల్లు గొట్టంపై 9 దెబ్బలు కొట్టారు. తొమ్మిది మందీ బయటపడ్డారు.

గోదావరిఖనికి అంత అదృష్టం దక్కని రోజులున్నాయి. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. నీటి ప్రమాదంలో కబురు వచ్చేసరికే సగం దారి మునిగిపోయి ఉంటుంది. శ్వాస పరికరాల కన్నా పంపులే ముందు దిగాల్సి వస్తుంది. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు కొందరిని ప్రాణాలతో తెచ్చారు, ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఏరియా భద్రతాధికారి ఒకరు.

ఈ దళాలను బాయి బయటి పనులకూ పిలుస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్‌లతో పాటు సింగరేణి రెస్క్యూ బృందాలు వెళ్లాయి. కూలిన చోటు లోపలికి సుమారు 14 కిలోమీటర్ల దూరం. బురద, నీళ్లు, ముక్కలైన తవ్వకపు యంత్రం దాటుకుంటూ పేర్లు పెట్టి పిలిచారు, అవతలి నుంచి పలుకు రాలేదు. వారాల తరబడి తవ్వితే ఇద్దరి మృతదేహాలు దొరికాయి.