‘అమెలీ’ చిత్రంలో ఒంటరితనం, వైవిధ్యం, ప్రాతినిధ్యం : చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం :

జాఁ-పియేర్ జునే దర్శకత్వంలో 2001 ఏప్రిల్‌లో విడుదలైన ‘అమెలీ’ని ఫ్రాన్సులో 80 లక్షల మందికి పైగా చూశారు. పారిస్‌లోని మోంమార్త్ర గుట్టపై ఒక కాఫీ హోటల్లో పనిచేసే యువతి ఇరుగుపొరుగువారి ఒంటరితనాన్ని రహస్యంగా తీర్చబూనుతుంది. చివరకు తన ఒంటరితనం నుండి తానే బయటపడుతుంది. ఈ ప్రణయ హాస్య చిత్రం వలసజాతులను తుడిచివేసిన పారిస్‌ను చూపిందని విమర్శకుడు సెర్జ్ కగాన్‌స్కీ 2001 మే 31న ‘లిబెరాసియోఁ’ దినపత్రికలో ఆరోపించాడు. చిత్రాన్ని సమర్థించినవారు జమెల్ దెబ్బూజ్ ధరించిన లూసియన్ పాత్రను ఉదాహరించారు. ఆ విధంగా వివాదం తెరపై ఎవరెందరున్నారన్న లెక్కకు పరిమితమైంది. చిత్రం ఒంటరితనాన్ని ఎలా నిర్వచించిందన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న.

స్థలకాలాలు :

కథాకాలం 1997. డయానా మరణవార్త కథను మలుపు తిప్పుతుంది. మోంమార్త్ర పారిస్ 18వ పురపాలక విభాగంలోనిది. గుట్టకు తూర్పున, అదే విభాగంలో గూత్ దోర్ ఉంది. ఎమిల్ జోలా 1877 నాటి నవలలో కార్మికవాడగా చిత్రితమైన ఈ ప్రాంతంలో 20వ శతాబ్దంలో ఉత్తరాఫ్రికా వారు, తరువాత పశ్చిమాఫ్రికా వారు స్థిరపడ్డారు. 1996 ఆగస్టు 23న అక్కడి సెయింట్ బెర్నార్డ్ చర్చి తలుపులను పోలీసులు గొడ్డళ్లతో పగులగొట్టి, నివాసపత్రాలు లేక అందులో తలదాచుకున్న సుమారు 300 మంది వలసజీవులను వెళ్లగొట్టారు. కథాకాలానికి ఈ ఘటన సుమారు ఏడాది ముందుది. చిత్రంలో దాని జాడ లేదు.

ఒంటరితనానికి కారణాలు :

అపార్టుమెంటు కాపలాదారు మాడలిన్ తనను వదిలిపోయి మరణించిన భర్తను తలచుకుంటూ కుములుతుంది. ఎముకల వ్యాధిగల చిత్రకారుడు దుఫాయెల్ గది దాటడు. అమెలీ తండ్రి భార్య మరణానంతరం తనలోకి తాను ముడుచుకుపోయాడు. ఈ బాధలన్నీ ఇంటి గడపలోపల పుట్టినవే. అందువల్ల పొరుగువారి దయ వాటికి మందు కాగలిగింది. అమెలీ సృష్టించిన దొంగ ఉత్తరం మాడలిన్‌ను ఓదార్చింది. చర్చిలోని వారికి కావలసినది ప్రభుత్వ ముద్రగల అసలు కాగితం. చట్టం కలిగించిన వేరుపాటుకు ఈ కథాప్రపంచంలో చోటు లేదు.

లూసియన్ పాత్ర :

దెబ్బూజ్ మొరాకో దంపతుల కుమారుడు. పాత్ర పేరు మాత్రం ఫ్రెంచి పేరు. అతని పుట్టుపూర్వోత్తరాల ప్రస్తావన లేదు. దీనిని సమత్వంగా చదవవచ్చు. ఫ్రెంచి గణతంత్రం జనాభా లెక్కల్లో జాతిని అడగదు, చిత్రమూ అడగలేదు. అయితే కూరగాయల దుకాణదారు కొల్లిన్యోఁ పదిమందిలో లూసియన్‌ను అవమానిస్తుంటాడు. ఆ క్రౌర్యాన్ని చిత్రం యజమాని వ్యక్తిగత దుర్గుణంగానే చూపింది. అమెలీ అతని ఇంట్లో చెప్పులు, వస్తువులు తారుమారు చేసి ప్రతీకారం తీర్చుకుంటుంది. లూసియన్‌కు సానుభూతి దక్కింది, చరిత్ర దక్కలేదు.

ప్రక్రియల విభజన :

ఫ్రెంచి సినిమాకు ఈ చరిత్ర తెలియనిది కాదు. అమెలీ ప్రేమించే నీనోగా నటించిన మాత్యూ కాసోవిట్జ్ స్వయంగా 1995లో ‘లా ఎన్’ తీశాడు. యూదు, అరబ్బు, ఆఫ్రికా మూలాలుగల ముగ్గురు శివారు యువకుల కథ అది. 2000 సెజార్ పురస్కార సభలో రచయిత్రి కలిక్స్‌త్ బెయాలా వేదికనెక్కి నల్లజాతీయులకు తెరపై తగిన చోటు కల్పించాలని కోరింది. ఈ నేపథ్యంలో ‘అమెలీ’ని చూస్తే ప్రక్రియల మధ్య పంపకం కనిపిస్తుంది. వలస సంతతి ఆగ్రహం శివారు చిత్రాలకు, సున్నితమైన ఏకాంతం ప్రణయ హాస్యానికి చెందాయి. లూసియన్ రెండవదానిలో ప్రవేశించినా ప్రేమకథ అతనిది కాలేదు.

ముగింపు :

కగాన్‌స్కీ లోపాన్ని గుర్తించాడు. కానీ మరికొన్ని ముఖాలను చేర్చినంత మాత్రాన అది తీరదు. ఎవరి ఒంటరితనం ప్రేమకథకు అర్హమో నిర్ణయించే ప్రక్రియా సంప్రదాయమే ప్రాతినిధ్యపు అసలు హద్దు. ప్రాతినిధ్య చర్చ పాత్రల సంఖ్యతో పాటు వారి దుఃఖకారణాలనూ పరిగణించినప్పుడే సమగ్రమవుతుంది.