దివ్యాస్త్ర దుర్లభత: లేపాక్షి చిత్రం, నిమ్మలకుంట బొమ్మలాట

1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వంటి బల్లమీది కాల్పనిక క్రీడల్లో మహిమగల వస్తువులు ఎంత అరుదుగా ఉండాలన్నది తరచు చర్చకు వచ్చే అంశం. భారతకథ ఆధారంగా దీనిని పరిశీలించవచ్చు.

అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ అధికారి విరూపణ్ణ హిందూపురం సమీపాన లేపాక్షిలో వీరభద్రాలయ నిర్మాణం సాగించాడు. అక్కడి కుడ్యచిత్రాలలో కిరాతార్జునీయం ఒకటి. పాశుపతం అర్జునునికి తపస్సు, కిరాతునితో పోరు తరువాత గాని దక్కలేదు. అల్పబలునిపై ప్రయోగించరాదన్న నియమమూ దానికుంది.

ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులు రామాయణ, భారత గాథలను ప్రదర్శిస్తారు. ఆ భారతంలోనే కర్ణుడు కవచకుండలాలిచ్చి పొందిన శక్తి ఒక్కసారికే పనికివస్తుంది. అర్జునునికై దాచిన దానిని ఘటోత్కచునిపై వెచ్చించవలసి వచ్చింది. అది రెండుమార్లు పనిచేసేదైతే ఘటోత్కచవధ పాండవులకు ఊరట అయ్యేది కాదు.

అయితే కురుక్షేత్రంలో దివ్యాస్త్రాలకు కొదవ లేదు. ఆగ్నేయానికి వారుణం విరుగుడుగా నిలుస్తుంది. విరుగుడున్న అస్త్రం ఎంత శక్తిమంతమైనా కథాగతిని మార్చదు. కనుక దుర్లభతను వస్తుసంఖ్యతో గాక, పొందడానికి చెల్లించిన మూల్యంతో, వాడినప్పుడు కోల్పోయిన అవకాశంతో నిర్ణయించడం సమంజసం.