సాంబా సర్వర్‌లో ఫైల్ అనుమతులు

సాంబా అనేది లినక్స్, యునిక్స్ యంత్రాల్లోని ఫైళ్లను విండోస్ కంప్యూటర్లకు అందించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. విండోస్, మాక్, లినక్స్ కలిసి పనిచేసే ఆఫీసుల్లో ఉమ్మడి ఫైల్ సర్వర్‌గా దీన్ని వాడతారు. అక్కడ తరచూ ఎదురయ్యే 'యాక్సెస్ డినైడ్' ఫిర్యాదులకు ముఖ్య కారణం, ఈ వ్యవస్థలు అనుమతులను వేర్వేరు పద్ధతుల్లో నమోదు చేయడమే.

రెండు పద్ధతులు

1970లలో బెల్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకున్న యునిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గ్రూపు ఉంటాయి. యజమాని, గ్రూపు, ఇతరులు చదవవచ్చా, రాయవచ్చా, నడపవచ్చా అన్నది 9 బిట్లు చెబుతాయి. ఫైలును తొలగించే హక్కు మాత్రం అది ఉన్న ఫోల్డర్ అనుమతిని బట్టి ఉంటుంది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ మరో దారి పట్టింది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకూ ఏసీఎల్ అనే జాబితా ఉంటుంది. అందులో ఎందరికైనా విడివిడిగా అనుమతి ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. తొలగింపు అక్కడ ప్రత్యేక హక్కు.

పరిణామం

ఫైళ్లను పంచుకునే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌ను 1980లలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించారు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, నెట్‌వర్క్ ప్యాకెట్లను పరిశీలించి 1991-92లో సాంబాకు మూలమైన తొలి సర్వర్‌ను రాశారు. డాస్ 'ఆర్కైవ్' గుర్తుకు యునిక్స్‌లో చోటు లేకపోవడంతో దాన్ని యజమాని ఎగ్జిక్యూట్ బిట్‌లో భద్రపరిచారు. మామూలు పత్రాలు కూడా లినక్స్‌లో ప్రోగ్రాముల్లా కనిపించడం దీని ఫలితమే. తర్వాత ఇలాంటి గుర్తులనూ, విండోస్ ఏసీఎల్‌లనూ ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్లలో దాచే సదుపాయం వచ్చింది.

ప్రోటోకాల్ సమాచారాన్ని పోటీదారులకు ఇవ్వాలన్న వివాదంలో 2007 సెప్టెంబరులో యూరోపియన్ కోర్టు తీర్పు మైక్రోసాఫ్ట్‌కు వ్యతిరేకంగా వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో 10,000 యూరోల రుసుముతో ప్రోటోకాల్ పత్రాలు సాంబా బృందానికి అందాయి. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా పనిచేయగల సాంబా 4.0 2012 డిసెంబరులో విడుదలైంది. ఆపిల్ 2011లో మాక్ నుంచి సాంబాను తొలగించి సొంత ఎస్‌ఎంబీ అమలును చేర్చింది.

సమస్యల పరిశీలన

మొదట ఫిర్యాదుదారు సర్వర్‌కు ఏ వినియోగదారుగా, ఏ గ్రూపుల్లో కనిపిస్తున్నారో చూస్తారు. వినియోగదారును గుర్తించే విండోస్ ఎస్‌ఐడీ, లినక్స్ యూఐడీ సరిగ్గా జతపడకపోతే మిగతా దిద్దుబాట్లు ఫలించవు. తర్వాత షేర్ సెట్టింగులు, ఆపై ఫైల్ సిస్టమ్ అనుమతులు చూస్తారు. రెండూ ఒప్పుకుంటేనే ఫైలు తెరుచుకుంటుంది.

ఒకరు సృష్టించిన ఫైలును సహోద్యోగులు చదవగలిగి, మార్చలేకపోవడం సర్వసాధారణం. సాంబాలో 'క్రియేట్ మాస్క్' డిఫాల్ట్ విలువ 0744 కావడం దీనికి కారణం. అందులో గ్రూపుకు చదివే అనుమతే ఉంటుంది. దాన్ని 0660కి మార్చి, ఫోల్డర్‌కు 2770 పెడితే, సెట్‌జిడ్ బిట్ వల్ల కొత్త ఫైళ్లు ఫోల్డర్ గ్రూపుకే చెందుతాయి.

లినక్స్‌లోనూ ఏసీఎల్‌లు ఉంటాయి. ఇలాంటి పోసిక్స్ ఏసీఎల్ ఉన్న ఫైలుపై అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్ ఇస్తే, గ్రూపు అనుమతికి బదులు, అనుమతులకు హద్దు పెట్టే ఏసీఎల్ మాస్క్ మారుతుంది. జాబితాలో అనుమతి కనిపిస్తున్నా పనిచేయనప్పుడు ఈ మాస్క్‌నే ముందు చూడాలి. రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్‌లలో ఇవన్నీ సరిగ్గా ఉన్నా, షేర్ ఫోల్డర్‌కు సెలినక్స్ అనే భద్రతా వ్యవస్థకు తగిన లేబుల్ లేకపోతే ఫైలు అందదు.