సేవ చేయువారికి పాఠము చెప్పవలసినది ఎవరు?

నెల్లూరు నుండి ఉత్తరముగా పోవు రైలు పెన్న దాటి, పడుగుపాడు విడిచిన తరువాత మన కొడవలూరు చేరును. అటుపైన అల్లూరు రోడ్డు, బిట్రగుంట, కావలి. ఈ దారి వెంబడి నూరేండ్లకు పైగా క్రైస్తవ సేవ సాగినది. బడులు, ఆసుపత్రులు, శరణాలయములు వెలసిన వైనము ఈ సంచికలో ఇతరులు వ్రాయుదురు. మేము ఎత్తుకొనదలచిన సంగతి వేరు. సోషల్ వర్క్ చదువుటకు మన సంఘముల బిడ్డలు ఇప్పుడు కాలేజీలలో చేరుచున్నారు. తమకంటె భిన్నముగా బ్రదుకు జనులను అర్థము చేసికొనుట వారికి ఎట్లు నేర్పవలెను? ఈ ప్రశ్నకు మన జిల్లా చరిత్రలోనే జవాబున్నది. అది కొంత చేదుగా ఉన్నను చెప్పక తప్పదు.

1871లో ఉత్తర హిందూస్థానములో అమలైన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వచ్చెను. ఒక కులములో పుట్టిన కారణముచేతనే మనిషి పేరు జాబితాకెక్కును. వేలిముద్రలు తీసికొందురు, హాజరు పిలుతురు, ఊరు దాటవలెనన్న చీటీ అడుగుదురు. మన ప్రాంతపు ఎరుకలవారు ఆ జాబితాలో పడిరి. వారిని సెటిల్‌మెంటులలో ఉంచి దిద్దు పనిని దొరతనమువారు చాలచోట్ల మిషనులకు అప్పగించిరి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీవారు స్టువర్టుపురము స్థాపించిరి. మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టువర్టు దొర పేరనే ఆ ఊరు వెలసినది. మన కావలిలో సెటిల్‌మెంటు నడిపినవారు అమెరికన్ బాప్టిస్టు మిషనువారు.

ఆ మిషనరీలను దూషించుట మా ఉద్దేశము కాదు. పిల్లలకు చదువు చెప్పిరి, పెద్దలకు పని చూపిరి, రోగులకు మందిచ్చిరి. పోలీసు చేతిలోకంటె వారి చేతిలో మేలనుకొన్న కుటుంబములును ఉండియుండవచ్చును. అయినను ఆ బడి, ఆ మందు హాజరు పట్టీ నీడలోనే లభించినవి. ప్రేమించు చేయియు కాపలా కాయు చేయియు ఒక్కటైనపుడు, ఎదుటివాడు ఆ చేతిని నమ్మి తన మనసులోని మాట చెప్పునా?

ఎరుకలవారు ఆ స్థితికి ఎట్లు వచ్చిరి? వారిలో అనేకులు పూర్వము సంచార వర్తకులు. కోస్తాలోని ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద లోనాడులకు మోసి, అక్కడి ధాన్యము తెచ్చుకొనెడివారు. ఆడవారు బుట్టలల్లుదురు, సోది చెప్పుదురు. ఉప్పుమీద సర్కారు గుత్తాధిపత్యము, పన్ను బిగిసినవి. పిమ్మట రైళ్లు వచ్చి ఉప్పును వ్యాగన్లలో మోయసాగినవి. నడుమ 1876–78 నాటి ఘోరమైన కరువు వచ్చెను. మనుష్యులు ఉన్నారు గాని వారి వృత్తి పోయినది. ఈ సంగతులను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన గ్రంథములో చక్కగా నిరూపించిరి. మనము కొడవలూరు స్టేషనులో ఎక్కి దిగు రైలు కొందరికి సౌకర్యమైనట్లే కొందరి కూటికి ఎసరు పెట్టినదన్నమాట. దొంగతనము మాన్పించుటకు ఎందరో పాటుపడిరి. గాడిదమీది ఉప్పు మూట ఏమైనదని అడిగినవారు అరుదు.

ఆ చట్టము 1952 ఆగస్టు 31న దేశమంతట రద్దయినది. పోలీసుల నోట ఆ మాట మాత్రము చాలకాలము రద్దు కాలేదు.

అడిగి తెలిసికొనుటకు మన జిల్లాలోనే గొప్ప ఉదాహరణ ఒకటి ఉన్నది. వెన్నెలకంటి రాఘవయ్యగారు (1897–1981) వకీలు, స్వాతంత్ర్య యోధులు. యానాదుల కొరకు జీవితమును ధారపోసిరి. 1962లో వారు ప్రకటించిన ‘ది యానాదీస్’ అను గ్రంథము ఒక్క జాతిని గూర్చియే వ్రాసినది. యానాదులన్నచో మనకు ఒక్క మాట, ఒక్క రూపము. లోపల చూచినచో రెడ్ల ఇండ్లలో పనిచేయు రెడ్డి యానాదులు వేరు, ఎంగిలి కూటితో బ్రదుకవలసి వచ్చిన చల్లా యానాదులు వేరు, అడవిని నమ్ముకొన్నవారు వేరు. అన్నట్లు, ఈ పేళ్లలో కొన్ని ఇతరులు పెట్టినవే, అందును గౌరవముతో పెట్టినవి కావు! విద్యార్థి మొదటి దినమున తెలిసికొనవలసినది ఇదియే. కాగితముమీద ‘యానాది’ అని ఒక గడి నింపినంత మాత్రమున మనిషి తెలిసినట్లు కాదు.

ఇక కాలేజీ చదువు సంగతి. మన దేశములో సోషల్ వర్క్‌కు మొదటి విద్యాలయము 1936లో బొంబాయిలో టాటావారి ధర్మనిధితో ఏర్పడినది. దాని మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్షార్డ్ దొరయు మిషనరీయే. ఆయన అంతకుముందే నాగపాడాలో నైబర్‌హుడ్ హౌస్ నెలకొల్పి, అనేక మతములవారు ఇరుకుగా బ్రదుకు పేటలో పనిచేసెను. పేటలో నేర్చినదే తరగతికి పునాది అయినది. 1952లో మద్రాసు స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ వచ్చెను, తరువాత తెలుగు నాటను ఈ శాఖలు వెలసినవి. అన్నిచోట్లను పుస్తకముతోపాటు ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. వారములో కొన్ని దినములు పేటకో పల్లెకో పోయి, చూచినది వ్రాసి, గురువుతో చర్చించవలెను. 2014లో సోషల్ వర్క్ అంతర్జాతీయ సంఘములు అంగీకరించిన నిర్వచనములో జనుల వైవిధ్యమును గౌరవించుట మూలసూత్రములలో ఒకటిగా నిలిచినది. స్థానిక జనుల జ్ఞానమును విద్యగానే లెక్కించవలెనని కూడ అందున్నది.

జాలి వేరు, సహానుభూతి వేరు. జాలికి పై మెట్టుమీద నిలువబడి చూచినను చాలును. సహానుభూతికి పక్కన కూర్చుండవలెను, తొందర పడకూడదు. బిడ్డ బడికి రాలేదని విద్యార్థి నోటు పుస్తకములో వ్రాసికొనును. తండ్రి అడ్వాన్సు తీసికొని రొయ్యల చెరువు కాపలాకు పోయినాడనియు, ఇంటిల్లిపాదియు చెరువు గట్టుననే కాపురమున్నారనియు, కుల ధృవపత్రము చేతిలో లేదనియు తెలియుటకు మూడు నాలుగు మార్లు పోవలెను. మంచి అధ్యాపకుడు మొదటి మారు వ్రాసిన నివేదికను తిరిగి ఇచ్చి, ‘మరల పొమ్ము’ అనును. ఇట్టి అధ్యాపకులు ఎక్కువమంది లేరని మా భయము. పరీక్షలో సహానుభూతికి నిర్వచనము వ్రాసి మార్కులు తెచ్చుకొనుట తేలిక.

సంఘస్థులకు ఒక మనవి. విద్యార్థులు మన పల్లెలకు వచ్చినపుడు పెద్దలమందరము కాలనీకి వెంట పోయి, అక్కడివారిని అడిగిన ప్రశ్నలకు మనమే జవాబులు చెప్పుట అలవాటు. మర్యాద కొరకే చేయుదుము, నిజమే. అయినను ఈసారి మనము దూరముగా నిలిచి, విద్యార్థిని ఆ ఇంటివారి చాపమీద కూర్చుండనిత్తము. వరి గట్టున ఎలుక బొరియకు ఎన్ని ద్వారములున్నవో, ఏది మూసి ఎక్కడ కుండతో పొగ పెట్టవలెనో ఆ ముసలాయనకు తెలిసినట్లు మనలో ఎవరికి తెలియును? ఆయన చెప్పునప్పుడు విద్యార్థి వ్రాసికొనును.