ముందు రొట్టె, తర్వాతే మాట

మంటకి ఇంకాస్త దగ్గరికి జరగండి పిల్లలూ. గ్యాసు మంటైతే ఏంది, వెచ్చగానే ఉందిగా. చికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. మా ఒంగోల్లో ఆ వేళకి పిల్లలు ఇంకా వీధిలోనే ఉండేవాళ్ళు. మాకు చలికాలమంటే జనం బయటికొచ్చే కాలం. ఎండలకి జడిసి మూసిన తలుపులన్నీ అప్పుడే తెరిచేవాళ్ళం.

క్రిస్మస్ నెల వచ్చిందంటే రాత్రిళ్ళు పాటల గుంపు బయల్దేరేది. ముందు ఒకడు పెట్రోమాక్స్ దీపం పట్టుకుని, ఇంకొకడు వెదురుబద్దలకి రంగు కాగితాలంటించిన నక్షత్రం మోసుకుంటూ, వెనక డోలకు, తాళాలు. పేటలో ఒక్క గడప కూడా వదిలేవాళ్ళు కాదు. ఒకింట్లో టీ, ఒకింట్లో అరిసెలు. ఆ ఏడు చావు జరిగిన ఇంటి ముందు మాత్రం డోలకు ఆపి, నెమ్మదిగా ఇంకో పాట ఎక్కువ పాడేవాళ్ళు. ఆ ఇంటామె తలుపు చాటునుంచి ఏడ్చేది. ఏడవనిచ్చేవాళ్ళు. ఎవరూ బైబిలు వాక్యం చెప్పి నోరు మూయించేవాళ్ళు కాదు.

అదే ఒంగోల్లో ఉన్న కొండ సంగతి కూడా చెప్తా. 1854 జనవరి ఒకటో తారీకున, ఇంకా తెల్లారకముందే అమెరికా మిషనరీ జ్యువెట్ దొర, ఆయన భార్య, మనవాళ్ళు ముగ్గురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. అప్పటికి తెలుగునాట వాళ్ళ మిషను మూతపడేలా ఉంది. అమెరికాలో పెద్దలు దీన్ని ఎత్తేద్దామా అని మాట్లాడుకుంటున్న రోజులవి. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారంట ఆ పొద్దున. ఆ మనిషి, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. అడిగిన పన్నెండేళ్ళకి!

ఆ క్లౌ దొర కాలంలోనే పెద్ద కరువొచ్చింది, 1876 నుంచి 78 దాకా. ఆయనేం చేశాడు? బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి పని చూపించాడు, కూలిచ్చాడు. బాప్తిస్మం ఇవ్వమంటే కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అందరూ ఆ లెక్కే చెప్పుకుంటారు. నాకైతే ఆ కాలవే గొప్ప.

ఎందుకంటే బైబిల్లో దేవుడిదీ అదే వరస. ఏలీయాని చూడండి. అంతటి ప్రవక్త యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని, ఇక నా ప్రాణం తీసేయమన్నాడు. దేవుడు మందలించాడా? లేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టింది. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి పెట్టింది. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబు చేరాక. పౌలు గారూ అంతే. చెరసాలలోంచి తిమోతికి రాస్తూ త్రోయలో వదిలొచ్చిన అంగీ తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత విశ్వాసవీరుడికీ ఒంటి మీదికి బట్ట, పక్కన మనిషి కావాల్సి వచ్చాయి.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఈ ఊళ్ళో ఎంతమంది లేరు! కొడుకూ కోడలూ పనికి, పిల్లలు బడికి పోతే, కారు నడపడం రాని పెద్దాళ్ళకి కిటికీ, ఫోనూ తప్ప ఏముంది? వేసవిలో ఏటి ఒడ్డు రివర్‌వాక్ మీద నాలుగడుగులు వేస్తారు. మంచు పడితే అదీ లేదు. 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 31 సెల్సియస్ డిగ్రీలు. ఆ వారం మన ప్రార్థన కూడిక కూడా ఫోన్లోనే.

ఇట్లా చలికాలంలో కొంతమందికి పట్టే దిగులుకి డాక్టర్లు పేరు పెట్టి చాలా ఏళ్ళయింది. 1984లో రోసెంతాల్ అనే డాక్టరు, తోటివాళ్ళతో కలిసి దీని గురించి రాశాడు. ఆయన దక్షిణాఫ్రికా ఎండలోంచి న్యూయార్క్ చలికి వచ్చినవాడే, మనలాగే. వెలుతురు తగ్గితే కొంతమందికి నిద్ర ఎక్కువవుతుంది, తీపి మీదికి మనసు పోతుంది, ఏ పనీ చేయబుద్ధి కాదు. పొద్దున లేవగానే 10,000 లక్సుల దీపం ముందు అరగంట కూర్చోమంటారు. కంటి జబ్బున్నవాళ్ళు, మనసు జబ్బుకి మందులు వాడేవాళ్ళు ముందు డాక్టర్నడగాలి.

ఇంత తెలిసీ, దిగులుగా ఉందని ఒక పిల్ల నోరు తెరిస్తే "నీ ప్రార్థన చాల్లేదమ్మా" అనేవాళ్ళు మనలో ఉన్నారు. నా చెవులతో విన్నా. ఏలీయాకి దేవుడు అనని మాట మనం ఎట్లా అంటాం? దీపం పెట్టుకోవడం, మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. చచ్చిపోవాలనిపించేదాకా వస్తే ఇక్కడ అమెరికాలో 988కి ఫోను చేయాలి, రాత్రీ పగలూ ఎత్తుతారు. పక్కనుండి చేయించండి. ఆ తర్వాత కలిసి మోకరించండి.

ఈ శనివారం కూడిక మనింట్లోనే. రాత్రి పెట్టుకోవద్దు, వెలుతురుండగానే మధ్యాహ్నం రెండింటికి రండి. చారు నేను కాస్తా. కారు నడపడం రాని పెద్దాళ్ళు ఎవరింట్లో ఉన్నా, మన చర్చివాళ్ళు కాకపోయినా సరే, ఎక్కించుకుని రండి.